ఎవరిదీ కాని గోడ

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఆ కాలంలో ఎల్‌బీనగర్ చుట్టుపక్కల ఖాళీగా ఉన్న మనిషి కనిపించేవాడు కాదు. ఉద్యోగం ఉన్నవాళ్లంతా సమ్మెలో ఉండేవాళ్లు, లేనివాళ్లంతా సమ్మెకు టెంట్లు వేసేవాళ్లు, ఆ రెండూ కానివాళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటూ, రాబోయే రాష్ట్రంలో తమకు రాబోయే కుర్చీ మెత్తగా ఉంటుందా గట్టిగా ఉంటుందా అని వాదించుకునేవాళ్లు. నేను ఈ మూడు జాతుల్లోనూ చేరని నాలుగో జాతి. డిప్లొమా చదివి, చిన్న చెరువులు చూసే ఆఫీసులో వర్క్ ఇన్‌స్పెక్టర్ అనే పేరుతో కాంట్రాక్టు మనిషిగా కొత్తగా చేరాను. కాంట్రాక్టు మనిషికి సమ్మె చేసే హక్కు లేదు. సార్లందరూ సమ్మెలో ఉన్నారు గనుక పని చెప్పేవాడూ లేడు. అందుకని రోజూ పొద్దున్నే తల దువ్వుకుని, ఆ దువ్విన తల కనిపించకుండా దిల్‌సుఖ్‌నగర్ సందులో బేరమాడి కొన్న పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకుని, మా చెరువు కట్ట మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేవాణ్ని. (హెల్మెట్ దేనికని అడగకండి. ఆ కట్ట మీద నా నెత్తిన పడే అవకాశం ఉన్నది కొంగల రెట్ట ఒక్కటే.)

నేను ఉండేది చిన్నమ్మ ఇంట్లో. అమ్మకు సొంత చెల్లెలు. నల్గొండ పల్లె నుంచి కట్టుబట్టలతో వచ్చి, చిన్నాయన లారీ మీద, తను కుట్టుమిషన్ మీద ఏళ్లకేళ్లు అరిగిపోయి, కట్ట కింద రెండు గదులు వేసుకున్నారు. చిన్నాయన ఎప్పుడూ విజయవాడ రోడ్డు మీదే ఉండేవాడు గనుక ఆ ఇంటికి చిన్నమ్మే గోడ, చిన్నమ్మే కప్పు. ఆ రెండు గదులు తప్ప ఈ భూమ్మీద ఆమెకు వేరే ఏమీ లేదు. ఆ మాట రోజుకోసారైనా ఎవరికో ఒకరికి చెప్పేది, ఎవరూ దొరక్కపోతే నాకు చెప్పేది. వాకిట్లో నిలబడి తల ఎత్తితే ఆకాశం కన్నా ముందు కట్ట కనిపించేది. "మా ఇంజినీరు ఉండంగ నాకేం భయం" అని కూరగాయల బండి అతనితో కూడా అనేది. నేను ఇంజినీరును కానని రెండుమూడుసార్లు చెప్పాను గానీ, నా గొంతులో పట్టుదల లేదని ఇద్దరికీ తెలుసు.

మా కట్టకు అలుగు ఉండేది, కానీ లేదు. అలుగంటే చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే రాతి కట్టడం. ఉత్త మట్టితో పోసిన కట్టకు అదే ప్రాణం. అది మూసుకుపోతే నీళ్లు వేరే దారి వెతుక్కుంటాయి, ఆ దారి మామూలుగా కట్టలోంచే ఉంటుంది. మా అలుగు దిగిన నీళ్లు మూసీ వైపు పోయే వాగుకు అడ్డంగా మనిషెత్తు ఇటుకగోడ ఒకటి లేచింది. గోడకు అవతల ఫంక్షన్ హాలు. ఆ హాలు పటేల్ సాబ్ బామ్మర్దిది. పటేల్ అన్నది ఆయన పేరు కాదు, పాత ఊళ్లో వాళ్ల ఇంటి పెత్తనం. పొలాలన్నీ ప్లాట్లు అయ్యాక పెత్తనం కాలనీ సంఘానికి ప్రెసిడెంటుగిరీ అయింది. హాలు గేటు మీద బామ్మర్ది ఫోటో పక్కనే సాబ్ ఫోటో కూడా చేతులు జోడించి నవ్వుతుండేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను హెల్మెట్ సర్దుకుని వెళ్లి, ఆ గోడ ఎవరిదని ఆయన్నే అడిగాను.

"గది నాది గాదు బిడ్డా" అన్నాడు, నా భుజం మీద చెయ్యేసి. "ఎవడో ఆంధ్రాయన కట్టిండు, కట్టి పోయిండు. నేను గూడ గదే పరేషాన్‌ల ఉన్న."

గోడ సిమెంటు కన్నా ఆ అబద్ధం తొందరగా గట్టిపడింది. ఉద్యమం ఊపందుకున్నాక దానికి ఉపన్యాసం హోదా కూడా వచ్చింది. "మన చెర్వు నోట్లె మన్ను గొట్టింది ఎవలు? గా గోడ జూడుండ్రి!" అని సాబ్ మైకులో అరిస్తే జనం తలలు తిప్పి గోడను చూసేవాళ్లు, గోడ పైనుంచి హాలు గేటు మీది సాబ్ ఫోటో వాళ్లను చూసేది. ఒక్కడూ నోరు మెదిపేవాడు కాదు. ఉద్యమం మాది, అది నిజమైనదే, గొంతు పోయేలా అరిచినవాళ్లలో నేనూ ఉన్నాను, అందుకు ఈనాటికీ గర్వపడతాను. కానీ ప్రతి ఊరేగింపులోనూ తన సొంత గుట్టు కప్పుకోవడానికి జెండా పట్టుకునేవాడు ఒకడు ముందు నడుస్తుంటాడు. మాకు దొరికినవాడు పటేల్ సాబ్.

ఆ దసరా ముందు రోజుల్లో రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే తిని నిరసన చెప్పే వంటావార్పు జోరుగా సాగుతుండేది. మా కాలనీ వాళ్లం హైవే మీద పొయ్యి రాజేసే లోపే పోలీసులు వచ్చి గంజులూ గరిటెలూ జీపులో ఎక్కించారు. (మా ఉల్లిగడ్డలు కూడా తీసుకెళ్లారు. వాటి గురించి తర్వాత ఎవరూ మాట్లాడలేదు.) పటేల్ సాబ్ ఊరుకుంటాడా? "మన కట్ట మీద వండుకుందాం, ఎవడాపుతడో జూస్త!" అని ప్రకటించాడు. మర్నాడు తెల్లారేసరికి కుర్రాళ్లు కట్ట మీద, సరిగ్గా చిన్నమ్మ ఇంటి నెత్తిన, పెద్ద గంజులకు సరిపోయే గాడిపొయ్యిలు తవ్వడం మొదలుపెట్టారు. మామూలు పొయ్యిలా? మనిషి దిగితే మోకాళ్లు మునిగేంత గుంతలు. అప్పటికే నాలుగు రోజులుగా ముసురు. ఎన్నో ఏళ్ల తర్వాత చెరువు అలుగు రాళ్లను అందుకుని, గోడకు తన్నుకుని వెనక్కి తిరుగుతోంది.

నేను పరుగున పోయి అడ్డం నిలబడ్డాను. ఆ నిలబడటం వరకూ బాగానే ఉంది, మాట్లాడటమే కొంప ముంచింది. "సాబ్, కట్ట అనేది ఒక మట్టి నిర్మాణం. దీని ఉపరితలం మీద ఎటువంటి తవ్వకం జరిపినా, నీటిమట్టం పెరిగినప్పుడు దిగువ వాలు స్థిరత్వానికి భంగం వాటిల్లే ప్రమాదం..." అని మొదలుపెట్టాను. మా ఇంటి మీద మన్ను పడేట్టుందయ్యా అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఆ ముక్క నా నోటికి రాలేదు. హెల్మెట్ పెట్టుకున్నాక అలాంటి చిన్న మాటలు మనకు కనపడవు.

"ఏంది బిడ్డా, పరీచ్చకు సదువుతున్నవా?" అన్నాడు పటేల్ సాబ్. గడ్డపారలు పట్టుకున్నవాళ్లంతా గొల్లుమన్నారు. తర్వాత ఆయన గొంతు మార్చి, వేళ్లు మడుస్తూ చెప్పాడు. "పొయ్యి తవ్వొద్దంటున్నవంటే వంట ఒద్దంటున్నవ్. వంట ఒద్దంటున్నవంటే ఉద్యమం ఒద్దంటున్నవ్. అంటే తెలంగాణ ఒద్దంటున్నవ్. అంతేనా?"

ఈ లెక్కకు ఏ డిప్లొమాలోనూ జవాబు లేదు. పొయ్యిలు తవ్వారు, బగారన్నం ఉడికింది, పాటలు పాడారు. ద్రోహి అనే పేరు వస్తుందని భయపడి నేను అందరికన్నా ముందు విస్తరి పట్టుకున్నాను. పచ్చిపులుసు అద్భుతంగా ఉందని ఒప్పుకోవాలి. నా పక్కన విస్తరి పట్టుకున్నది సిమెంటు బాబాయి. కోస్తా నుంచి వచ్చి, మా వీధి మొదట్లో సిమెంటూ ఇనుమూ అమ్మే కొట్టు పెట్టుకున్నాడు. ఎదురైన ప్రతివాణ్నీ "బాబాయ్" అనేవాడు గనుక మేమే ఆయనకు ఆ పేరు తగిలించాం. ఆ రోజుల్లో పాపం ఎవరేమన్నా "అలాగేనండీ" అనేవాడు, చందా అడిగినా, టెంటు తాళ్లు అడిగినా, టైమెంతని అడిగినా. ముద్ద నోట్లో పెట్టుకుంటూ నా చెవిలో అన్నాడు.

"మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం బాబాయ్. ఆ గోడకి సిమెంటు ఎవరు తీసుకెళ్లారో కూడా నాకు తెలుసు. కానీ మీరు చెప్పలేదు, నేను వినలేదు. సరేనా?"

ఆ రాత్రంతా వాన దంచింది. పొద్దున్నే చిన్నమ్మ నన్ను తట్టి లేపి, ఇంటి వెనక బట్టలుతికే బండ దగ్గరికి తీసుకెళ్లింది. కట్ట పాదం నుంచి అక్కడ ఎప్పుడూ కొంచెం నీరు ఊరుతూనే ఉండేది. తేటనీరు ఊరితే దిగుల్లేదు, ఎండలో మనిషికి చెమట పట్టినట్టే అది. ఆ పొద్దు మాత్రం ఊట వేలెడు లావున, ఎర్రగా, మట్టి కలుపుకుని వస్తోంది. మట్టి వస్తోందంటే కట్ట లోపల్నుంచి తొలుచుకుపోతోందని అర్థం. పైకెక్కి చూస్తే గాడిపొయ్యిల గుంతలు నీళ్లతో నిండి, అంచులు విరిగి లోపలికి జారుతున్నాయి. నిన్నటి బూడిద వాటి మీద తేలుతోంది. ఎందుకు దాచాలి, భయంతో ఏడుపొచ్చింది.

"ఎట్లున్నది ఇంజినీరూ, ఇల్లు ఉంటదా?" అంది చిన్నమ్మ. నేను ఎల్‌బీనగర్ చౌరస్తాకు పరుగెత్తాను. బస్సులు లేవు, ఆటోలు లేవు, ఉన్నదల్లా నా రెండు కాళ్లు, హెల్మెట్ మీద టపటపమనే వాన. మా పెద్దసారు సమ్మె టెంటులో ముందు వరసలో, దండ వేసుకుని, చాయ్ తాగుతూ కూర్చున్నాడు.

"సార్, కట్ట కింద ఊట ఎర్రగా వస్తున్నది సార్."

"ఎర్రగనా? ఫోటో తీసి పెట్టుకో."

"తెగేట్టున్నది సార్. మీరొకసారి వచ్చి చూస్తే..."

"నేను సమ్మెల ఉన్ననయ్యా! ఇప్పుడొచ్చి కట్ట జూస్తే డ్యూటీ జేసినట్టు గాదా? నలుగురు ఏమనుకుంటరు? సమ్మె కాంగనే ఎస్టిమేట్ పెడదాం. అందాంక జర ఆపు."

"దేన్ని సార్?"

"నీళ్లను" అన్నాడు, నా తెలివితక్కువతనానికి విసుక్కుని. దున్నపోతు మీద వాన కురిసినట్టు అంటారు గానీ, దున్నపోతు కనీసం చెవులైనా విదిలిస్తుంది. ఈయన చాయ్ చప్పరించాడు. సమ్మెలో ఉన్న డాక్టర్లు పేషంటు వస్తే లేచి చూశారు, కరెంటు వాళ్లు తీగ తెగితే వచ్చి కట్టారు. మా సారుకు మాత్రం తన దండ వాడిపోతుందని బెంగ.

నేను తిరిగి వచ్చేసరికి కట్ట మీద కాలనీ మొత్తం ఉంది. పటేల్ సాబ్ గొడుగు కింద నిలబడి, తనకు తట్టిన ఉపాయం వివరిస్తున్నాడు. తూము తెరుద్దామంటే దాని తలుపు ఎత్తే ఇనుప కడ్డీని ఎవరో ఎప్పుడో పాతసామాన్లకు వేసేశారు. అందుకని కట్ట ఈ మూల కొంచెం కోసి కాలువ కొడితే నీళ్లు మెల్లగా దిగిపోతాయట. చేతిలో పారలతో ఇద్దరు సిద్ధంగా ఉన్నారు. వాళ్లు నిలబడ్డ మూలకు సూటిగా కింద చిన్నమ్మ ఇల్లు.

"కట్టకు కోత పెడితే అది మీరు చెప్పినంతే పారదు సాబ్!" అని అరిచాను. "మొత్తం కొట్టుకుపోతది! గోడ తీస్తే చాలు, అలుగు దానంతటదే పారుతది!"

"నీకేం దెలుసు, నువ్వు జర పక్కకు జరుగు" అన్నాడు సాబ్. "ఏమైతది? నాలుగిండ్లల్ల నీళ్లొస్తయ్, గంతే గదా. ఆళ్లను బడిల పెడదాం. బగారన్నం మనమే పెడదాం."

అప్పుడు చిన్నమ్మ కట్ట ఎక్కి వచ్చింది. కుట్టుమిషన్ తలకాయను గోనెసంచిలో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు చంకనెత్తుకుంది. ఇంట్లోంచి ఆమె బయటికి తెచ్చుకున్నది అదొక్కటే. నేరుగా నా దగ్గరికొచ్చి, "పట్టు" అని దాన్ని నా చేతుల్లో పెట్టింది. ఆ తర్వాత జరిగిన చరిత్ర అంతా నేను కుట్టుమిషన్ మోస్తూ చూసినదే. అది ఎంత బరువుంటుందో మోసినవాళ్లకే తెలుసు.

"పటేలా" అంది చిన్నమ్మ, కొంగు నెత్తి మీదికి లాక్కుని, "గా అలుగుకు అడ్డం ఉన్న గోడ ఎవరిది?"

పటేల్ సాబ్ గొడుగు కొంచెం వంచాడు. "ఎవరిదేంది... ఎన్నిసార్లు జెప్పిన. గది ఎవడో ఆంధ్రాయనది."

"నీది గాదు?"

"నాదెందుకైతది!"

"నీ బామ్మర్దిది గాదు?"

"అరె, గాదంటున్న గద!"

"మంచిది" అని చిన్నమ్మ జనం వైపు తిరిగింది. "ఇన్నరా? ఆంధ్రాయన గోడనట. ఇయ్యాల గది నిలబడాలె, మన కొంపలు మునగాలెనట. నీళ్లు, నిధులు అని పొద్దుగూకులు ఒర్రుతుండ్రు గద బిడ్డా, గా నీళ్లు ఆడ ఆగినయ్. పారలు ఈడ వట్టుకొని నిలవడ్డరేంది?"

నిన్నటిదాకా నా దిగువ వాలు స్థిరత్వాన్ని చూసి గొల్లుమన్న ఆ కుర్రాళ్లే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లకు ఆ గోడ ఎవరిదో తెలియదనుకోకండి, పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. కానీ సాబ్ స్వయంగా, అందరి ముందూ, మూడుసార్లు కాదన్నాక ఇక మొహమాటం దేనికి? ఎవడో "జై తెలంగాణ!" అన్నాడు. కట్టంతా "జై తెలంగాణ!" అంది. అంతలో గుంపు వెనక నుంచి వణుకుతున్న గొంతు ఒకటి లేచింది.

"అయ్యా... గునపాలు, సమ్మెటలు మా కొట్లో ఉన్నాయండీ. తాళం తీసే ఉంచాను. తీసుకెళ్లండి బాబాయ్!"

అందరం వెనక్కి తిరిగి చూశాం. సిమెంటు బాబాయి. ఆ గుంపులో నిజమైన ఆంధ్రాయన ఆయనొక్కడే. గోడ పాపం ఎప్పుడు తన నెత్తిన రుద్దుతారోనని ఇన్నాళ్లూ గుండె అరచేతిలో పెట్టుకుని తిరిగిన మనిషి. ఒక కుర్రాడు ఆయన్ను గట్టిగా కావలించుకుని, "బాబాయ్ మనోడే!" అన్నాడు. "అలాగేనండీ" అన్నాడు బాబాయి, కళ్లు తుడుచుకుంటూ.

గోడకు మొదటి దెబ్బ పడగానే పటేల్ సాబ్ మొహం చూడాలి. దొంగకు తేలు కుట్టినట్టు అని ఊరికే అనలేదు పెద్దలు. "ఆగుండ్రి, గిట్ల జేస్తే కేసులైతయ్, ముందు కమిటీల మాట్లాడుకుందాం..." అని గొణిగాడు. ఎవరో ఆయన చెయ్యి పట్టి పైకెత్తి మళ్లీ జై కొట్టించారు. రెండో వరస ఇటుకలు రాలుతుండగా హాలులోంచి బామ్మర్ది లుంగీ ఎగగట్టుకుని, నీళ్లలో పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చాడు.

"బావా! బావా! మన గోడ! మన గోడ కూలగొడుతుండ్రు బావా!"

"నోర్ముయ్!" అని పటేల్ సాబ్ కట్ట అదిరేలా అరిచాడు. "మనదెక్కడిదిరా? ఆంధ్రాయనది!"

గోడ ఒక్కసారిగా ముందుకు ఒరిగి పడిపోయింది. ఎన్నాళ్లుగానో ఆగిన నీళ్లు అలుగు మీదుగా హోరుమని దూకి, ఫంక్షన్ హాలు పచ్చిక మీదుగా, పేర్చిపెట్టిన ఎర్ర కుర్చీలను తేల్చుకుంటూ వాగులోకి వెళ్లిపోయాయి. జనం చప్పట్లు కొట్టారు. వరుసగా తేలిపోతున్న ఆ కుర్చీలను పటేల్ సాబ్ కూడా చప్పట్లు కొడుతూనే సాగనంపాడు. కొట్టక చస్తాడా?

మధ్యాహ్నానికి చెరువు దిగింది. బట్టలుతికే బండ దగ్గర ఊట సన్నబడి, సాయంత్రానికి తేటపడింది. గాడిపొయ్యిల గుంతల్లో నీళ్లు తోడించి, బంకమట్టి పొరలు పొరలుగా పోసి దిమ్మిసతో కొట్టించే పని నాకు దొరికింది. సిమెంటు బాబాయి ఖాళీ సంచులన్నీ ఇచ్చాడు, వాటిల్లో మన్ను నింపి కట్ట పాదానికి పేర్చాం. ఆ ఒక్క పని మాత్రం నేను బాగా చేయించానని చెప్పుకోవడానికి సిగ్గుపడను. అంతా అయ్యాక చిన్నమ్మ మిషన్‌ను మళ్లీ దాని బల్ల మీద బిగించుకుంటుంటే, అలుగు గురించి, ఊట గురించి వివరంగా చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. "గవన్ని నాకెర్కలేదు బిడ్డా. నువ్వు గోడ తియ్యాలె అన్నవ్, నేను నమ్మిన. ఆడు అబద్ధం ఆడుతుండని అందరికి ఎర్కే. గా అబద్ధాన్నే జర గట్టిగ వట్టుకున్న, అంతే."

సమ్మె ముగిశాక పెద్దసారు జీపులో వచ్చి, కట్ట మీద కాసేపు నడిచి, సకాలంలో తీసుకున్న చర్యల వల్ల ముప్పు తప్పిందని పైకి రాసుకున్నాడు. ఆ చర్యలు తీసుకున్నది ఆయనేనని ఇప్పటికీ నమ్ముతున్నాడని విన్నాను. తర్వాత రాష్ట్రమూ వచ్చింది. కట్ట మీద నడకదారి వేశారు, రెయిలింగు పెట్టారు, రంగుల దీపాలు పెట్టారు. పటేల్ సాబ్ ఇప్పుడు చెరువు పరిరక్షణ కమిటీ పెద్ద. పొద్దుటి నడకకు వచ్చే కుర్రాళ్లను ఆపి, ఆంధ్రాయన గోడను తన నాయకత్వంలో ఎట్లా కూలగొట్టారో పూసగుచ్చినట్టు చెబుతాడు. ఆయన కళ్లు చెమరుస్తాయి కూడా. కుర్చీలు గుర్తొచ్చి అయ్యుంటుందని నా అనుమానం.

నేను ఇప్పుడు అదే శాఖలో పక్కా ఉద్యోగిని, పొట్టా వచ్చింది, కుర్చీ మెత్తగానే ఉంది. అబ్దుల్లాపూర్‌మెట్ దాకా తిరిగి చెరువులు చూస్తుంటాను. అలుగుకు అడ్డం గోడ లేని చెరువు ఇంతవరకూ దొరకలేదు. తప్పు నెట్టడానికి ఆంధ్రాయన లేడు గనుక ఇప్పుడు ఎవరినడిగినా "పాతోళ్లు కట్టి పోయిన్రు సార్" అంటారు. నేనూ చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమి హద్దులు, దిగువ వాలు అంటూ ఉపన్యాసం ఇస్తాను, వాళ్లూ అప్పటిలాగే నవ్వుతారు. నా పసుపుపచ్చ హెల్మెట్‌ను మాత్రం చిన్నమ్మ ఎప్పుడో వెల్లకిలా తిప్పి, మట్టి నింపి పుదీనా వేసింది. వెళ్లినప్పుడల్లా వాకిట్లో దాన్ని చూసి, ఎర్రటి ఊటను చూసి ఏడవబోయి, కుట్టుమిషన్ మోస్తూ వానలో నిలబడ్డ ఆ కుర్ర ఇంజినీరును తలుచుకుని నవ్వుకుంటాను. కట్టను కాపాడేది తన చదువేనని వాడికి ఎంత నమ్మకం! ఆ నమ్మకంలో కాస్తయినా ఇప్పుడు నాకుంటే బాగుండునని కూడా అనిపిస్తుంది.

ముసురు పట్టిన ప్రతిసారీ చిన్నమ్మకు ఫోన్ చేస్తాను. "అలుగు పారుతున్నదా చిన్నమ్మా?" అని అడుగుతాను.

"మంచిగ పారుతున్నది బిడ్డా" అంటుంది, మిషన్ తొక్కుతూనే. "ఆంధ్రాయన మల్లొచ్చి గోడ కట్టుకోనే లేదు. ఏడ వోయిండో ఏమో, పాపం."